సరుకు రవాణా రంగంలో డిజిటల్ మార్పు - నాయకత్వ సవాళ్లు: విజయవాడ నేపథ్యం

ఉపోద్ఘాతం:
విజయవాడకు పశ్చిమాన కృష్ణాతీరంలో ఉన్న భవానీపురం, హైదరాబాదు జాతీయ రహదారిపై నగరానికి ముఖద్వారం వంటిది. చేరువలోనే గొల్లపూడి హోల్‌సేల్ వాణిజ్య సముదాయం ఉండటంతో లారీల రాకపోకలు ఈ ప్రాంత జీవనంలో భాగమయ్యాయి. ఒకటి రెండు లారీల యజమాని మొదలు పెద్ద ట్రాన్స్‌పోర్టు సంస్థ నిర్వాహకుని వరకు, ఈ రంగంలో నిర్ణయాలు తీసుకొనేవారి పని స్వభావాన్ని డిజిటల్ సాంకేతికత మార్చివేసింది. ఈ మార్పువల్ల బాధ్యత ఎవరినుంచి ఎవరికి బదిలీ అయిందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

చెక్‌పోస్టు నుంచి కంప్యూటరుకు:
2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి రావడంతో రాష్ట్ర సరిహద్దుల్లోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు తొలగిపోయాయి. వాటి స్థానంలో ఈ-వే బిల్లు వచ్చింది. రూ. 50,000 విలువ దాటిన సరుకుకు, కొన్ని మినహాయింపులతో, అంతర్రాష్ట్ర రవాణాలో 2018 ఏప్రిల్ 1 నుంచి, ఆంధ్రప్రదేశ్ లోపలి రవాణాలో అదే నెల 15 నుంచి ఇది తప్పనిసరి అయింది. బిల్లు మొదటి భాగంలో సరుకు వివరాలు, రెండవ భాగంలో వాహన వివరాలు ఉంటాయి. దారిలో సరుకును వేరొక లారీకి మార్చితే రెండవ భాగాన్నీ సవరించాలి.

వాహన సంఖ్యలో ఒకటి రెండు అంకెల పొరపాటు వంటి స్వల్ప లోపాలకు వెయ్యి రూపాయల జరిమానా సరిపోతుందని 2018 సెప్టెంబరు 14 నాటి సర్క్యులర్ స్పష్టపరిచింది. లోపం తీవ్రమైనదైతే సెక్షన్ 129 కింద సరుకుతోపాటు లారీనీ నిలిపివేయవచ్చు. పొరపాటు ఆఫీసులో జరిగినా దారిలో ఆగవలసివచ్చేది డ్రైవరే.

గడువు - వరద:
2021 జనవరి 1 నుంచి సాధారణ సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున బిల్లు గడువు లెక్కిస్తున్నారు. అంతకుముందు అది 100 కిలోమీటర్లు. ఆ ప్రకారం దాదాపు 275 కిలోమీటర్ల విజయవాడ-హైదరాబాదు ప్రయాణానికి మూడు రోజుల గడువు రెండు రోజులకు తగ్గింది. అనివార్య పరిస్థితుల్లో, గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందునుంచి ముగిసిన ఎనిమిది గంటలలోపు పొడిగించుకొనే వీలుంది.

2024 సెప్టెంబరు 1న మున్నేటి వరద నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద ఈ రహదారిని ముంచెత్తి రాకపోకలను స్తంభింపజేసింది. అదే సమయంలో బుడమేరు వరద విజయవాడలోని అనేక కాలనీలను ముంచింది. అటువంటి వేళ లారీ ఆగినా బిల్లు గడువు ఆగదు. పొడిగింపుకు కారణం, వాహనం ఉన్న చోటు, మిగిలిన దూరం నమోదు చేయాలి. చోటు తెలిసినవాడు డ్రైవరు. పాస్‌వర్డ్ తెలిసినవాడు గుమాస్తా. ఇద్దరి మధ్య ఫోను పలకకపోతే చట్టం ఇచ్చిన వెసులుబాటు కూడా అక్కరకు రాదు.

నాయకత్వ బాధ్యత:
కాబట్టి బిల్లును సవరించే అధికారం ఒకే గుమాస్తా చేతిలో ఉండకూడదు; వేరొక ఊరి శాఖలోనూ ఆ పని తెలిసినవారు ఉండాలి. బిల్లులోని సంఖ్య, గడువు, వాహన వివరాలను సరిచూసుకోవడం డ్రైవరుకు తెలుగులో నేర్పాలి. ఆఫీసు పొరపాటువల్ల కలిగిన నష్టాన్ని అతని జీతంలో కోయరాదు.

ముగింపు:
2022 సెప్టెంబరు 17న ప్రకటించిన జాతీయ లాజిస్టిక్స్ విధానం వివిధ శాఖల సమాచారాన్ని ఏకీకృత వేదికతో అనుసంధానించాలని సంకల్పించింది. ఇకపై ఒకచోట నమోదైన పొరపాటు అనేక చోట్లకు చేరగలదు. అందువల్ల రవాణా నాయకుని సమర్థతకు కొలమానం అతడు కొన్న సాఫ్ట్‌వేర్ మాత్రమే కాదు; లారీ ఆగిన రాత్రి డ్రైవరు ఫోనుకు బదులిచ్చి, బిల్లును సరిచేయగల మనిషిని అతడు సిద్ధంగా ఉంచాడా లేదా అన్నదే.