ముప్పై రెండు దగ్గర ఆగిన లెక్క

2003 ఎండాకాలంలో మా ఊరి చరిత్ర పుస్తకాన్ని నల్లగొండలో, గడియారం సెంటర్‌కు దగ్గర్లోని ఒక డీటీపీ షాపులో కంపోజు చేయించుకున్నాను. అక్కడున్నది పెంటియం 3 సిస్టం, 10 జీబీ హార్డ్ డిస్క్. పెళ్లి పత్రికలు, ఎన్నికల కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టులు, స్థానిక కవుల సంపుటాలు అన్నీ అందులోనే. నా పుస్తకం కోసం పాత ఫొటోలు స్కాన్ చేయడం మొదలుపెట్టగానే డిస్క్ నిండింది. ఫ్లాపీల్లోకి ఎక్కిద్దామంటే ఒక్కో ఫ్లాపీకి 1.44 ఎంబీ. మంచి క్వాలిటీలో స్కాన్ చేసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

షాపు ఓనరు తెల్లారి మొదటి బస్సుకే సికింద్రాబాద్ పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 40 జీబీ డిస్క్ కొనుక్కొచ్చాడు. అప్పట్లో మా జిల్లాల్లో కంప్యూటర్ సామాను కావాలంటే అందరూ పోయేది అక్కడికే. సాయంత్రం మెకానిక్ వచ్చి బిగించాడు. సిస్టం ఆన్ చేస్తే నల్లటి తెర మీద డిస్కులను గుర్తుపట్టే తెల్ల అక్షరాల వరుస దాకా వచ్చి ఆగిపోయింది. ఆపి మళ్లీ వేసినా అంతే. నలభై జీబీ డిస్క్ చెడిపోయిందేమోనని ఓనరు ముఖం వాడిపోయింది.

మెకానిక్ మాత్రం కంగారు పడలేదు. డిస్క్ మీద అంటించిన కాగితం చదివి, వెనక పిన్నుల మధ్య కందిగింజంత ప్లాస్టిక్ జంపర్‌ను పట్టకారుతో ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట పెట్టాడు. సిస్టం లేచింది. కానీ తెర మీద కనిపించింది 40 కాదు, 32.

"అన్నా, గీ బోర్డుకు ముప్పై రెండు దాటి లెక్క పెట్టొస్తలేదు" అన్నాడు.

ఆ మాట నాకు ఇన్నేళ్లయినా గుర్తుంది. డిస్క్‌లో జాగా ఉంది, కానీ ఆ జాగాకు నంబరు వేసే శక్తి పాత మదర్‌బోర్డుకు లేదు. పాత కంప్యూటర్‌కు పెద్ద డిస్క్ పెట్టిన వాళ్లందరికీ ఏదో ఒక కాలంలో ఏదో ఒక అంకె దగ్గర ఎదురైన ఇబ్బంది ఇదే.

దీన్ని పహాణీతో పోల్చి చూడండి. భూమి ఎక్కడుందో చెప్పాలంటే గ్రామం, సర్వే నంబరు, సబ్ డివిజన్ అని మూడు గడులు నింపుతాం. డిస్క్‌లో ఒక ముక్క ఎక్కడుందో చెప్పడానికి కూడా మొదట్లో మూడు గడులే ఉండేవి. అంచు నుంచి ఎన్నో వలయం, చదివేది ఎన్నో తల, ఆ వలయంలో ఎన్నో ముక్క. ఒక్కో ముక్కలో 512 బైట్లు. గడికి ఎన్ని అంకెలు కేటాయిస్తే అంతవరకే విలాసం రాయగలం.

తొలి చిక్కు ఇక్కడే వచ్చింది. కంప్యూటర్‌ను నిద్రలేపే బయోస్ ఒక గడి పెద్దది పెట్టుకుంటే, డిస్క్ తయారు చేసినవాళ్లు ఇంకో గడి పెద్దది పెట్టుకున్నారు. ఇద్దరికీ కుదరాలంటే ప్రతి గడిలో చిన్నదాన్నే తీసుకోవాలి. వలయాలు 1024, తలలు 16, ముక్కలు 63. వీటిని గుణించి 512 పెట్టి హెచ్చిస్తే 52.8 కోట్ల బైట్లు. 1990ల మొదట్లో 528 ఎంబీ దగ్గర కంప్యూటర్లు ఆగిపోవడానికి కారణం ఇంతే. దాన్ని దాటితే 8.4 జీబీ దగ్గర ఇంకో గోడ లేచింది. మా షాపు బోర్డు 1999 మొదటి రోజులది. దాని బయోస్‌లో వలయాల సంఖ్య 65,535 దాటితే లెక్క తప్పుతుంది. అది కంప్యూటర్ లెక్కలో దాదాపు 32 జీబీ.

బయోస్‌ను కొత్తది చేసుకోవచ్చు. కానీ ఆ రాత మధ్యలో కరెంటు పోతే బోర్డే మూలపడుతుంది. ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు, ముసలి యూపీఎస్. ఓనరు సాహసించలేదు. మిగిలిన జాగాను వదులుకున్నాడు. నేనైనా ఆ పనే చేసేవాణ్ణి.

ఇంత చిన్న హార్డ్ డిస్క్ పెట్టెకు మూలపురుషుడు పెద్ద బీరువా. 1956 సెప్టెంబరులో ఐబీఎం సంస్థ కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ బృందం తయారు చేసిన ర్యామాక్ యంత్రాన్ని ప్రకటించింది. అడ్డం రెండడుగుల పళ్లేలు 50, నిమిషానికి 1200 చుట్లు తిరుగుతాయి. బరువు టన్ను పైనే. అంతా కలిపి 50 లక్షల అక్షరాలు పడతాయి. అక్షరానికో బైటు లెక్కన మా షాపుకు వచ్చిన 40 జీబీ డిస్క్‌తో సరితూగాలంటే అలాంటి బీరువాలు ఎనిమిది వేలు కావాలి.

ఆ పళ్లేలకు పూసింది ఐరన్ ఆక్సైడ్. రంగును సన్నటి మేజోడు గుడ్డలో వడగట్టి, కాగితపు కప్పుతో కొలిచి, తిరుగుతున్న పళ్లెం మధ్యలో పోస్తే అది అంచుల దాకా పలచగా పరుచుకునేది. పాలమూరు, నల్లగొండ చెలకలకు ఎరుపునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే. రసాయన సూత్రం ఒక్కటే, అణువుల అమరికే వేరు. మన మట్టిలోది హెమటైట్, దానికి అయస్కాంత గుణం చాలా తక్కువ. పళ్లెం మీదిది ఇంకో అమరిక, దాన్ని అయస్కాంతంగా చేస్తే అలాగే నిలబడుతుంది. ఉత్తరం, దక్షిణం అన్న ఆ రెండు దిక్కులతోనే సమస్త రాతా నడుస్తుంది. తర్వాతి డిస్కుల్లో ఈ పూత పోయి కోబాల్ట్ మిశ్రమాల పలచటి పొరలు వచ్చాయి.

1973లో ఐబీఎం వించెస్టర్ డిస్క్‌లో తలలు, పళ్లేలు కలిపి దుమ్ము చొరకుండా ఒకే పెట్టెలో మూసేశారు. ఇప్పటిదాకా ఆ పద్ధతే. 1980లో సీగేట్ సంస్థ 5 ఎంబీ డిస్క్‌ను చిన్న కంప్యూటర్‌లో అమరేలా అయిదుంపావు అంగుళాల కొలతకు తెచ్చింది. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ వేర్వేరుగా కనుక్కున్న ఒక అయస్కాంత ధర్మం అసలు మలుపు. అతి పలచని లోహపు పొరల్లో అయస్కాంత దిశ మారితే విద్యుత్ నిరోధం బాగా మారుతుంది. దాంతో అతి సన్నని రాతను కూడా చదవగల తలలు వచ్చాయి. 1997లో ఐబీఎం ఆ తలలతో 16.8 జీబీ డిస్క్ తెచ్చింది. ఆ ఇద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది.

మా షాపు డిస్క్ మూత మీద ఒక సన్నటి రంధ్రం, 'దీన్ని మూయకండి' అన్న రాత ఉండేవి. లోపలి గాలి, బయటి గాలి ఒత్తిడి సమానంగా ఉండాలి, దుమ్ము మాత్రం పోకూడదు. అందుకే ఆ రంధ్రం వెనక వడపోత ఉంటుంది. లోపల పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటే దాని అంచు గంటకు 130 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. ఆ గాలి మీద తల పళ్లేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వేల వంతు ఎత్తున తేలుతుంది. కరెంటు పోతే? పళ్లెం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడుతోనే మోటారు కాసేపు జనరేటరై, తలను పక్కకు చేర్చేంత కరెంటు పుట్టిస్తుంది. ఇంజనీర్ల ఈ ఆలోచనకు నేను చేతులెత్తి మొక్కుతాను. మన ఊళ్ల కరెంటుకు ఎన్ని వేల డిస్కులు ఇలా బతికాయో!

ఆ డిస్కుల దాకా మా జిల్లాల అక్షరం నడిచిన దారి చిన్నదేం కాదు. 1922లో శబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక నడిపిన నాడు అది సీసపు అక్షరం. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చి, భూమి ఈసీ డిస్క్‌లోంచి రావడం మొదలైంది. డీటీపీ షాపులు పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఇక్కడి కవుల పుస్తకాలు, గ్రామ చరిత్రలు, సాహిత్య సంస్థల సంచికలు అచ్చుకెక్కించాయి. వాటిలో చాలావాటి అసలు ఫైలు ఆ షాపు డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

పోయినేడు నా పుస్తకం మళ్లీ వేద్దామని ఓనరును అడిగితే, ఆ 40 జీబీ డిస్క్‌ను పాత గుడ్డలో చుట్టి బీరువాలోంచి తీశాడు. పాత డిస్కులకు పనికొచ్చే అడాప్టర్‌తో కొత్త కంప్యూటర్‌కు తగిలిస్తే తిరిగింది. ఫైలు తెరుచుకుంది, కానీ తెర నిండా పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలే. అను ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల వెనక దాస్తాయి. ఆ ఫాంట్ లేని చోట తెలుగు కనిపించదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, తప్పిన ఒత్తులు, గుణింతాలు దిద్దడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మహబూబ్‌నగర్‌లోని నా మిత్రుడికి ఆ అదృష్టం కూడా లేదు. ఆయన పుస్తకమున్న డిస్క్ టక్ టక్‌మని కొట్టుకుని ఆగిపోయింది. అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని మొత్తం మళ్లీ టైపు చేయించుకున్నాడు.

ఇప్పుడు జాగాకు కొదవ లేదు. 137 జీబీ గోడ, రెండు టీబీ గోడ ఎప్పుడో కూలాయి. ముసలి సిస్టం వేగం పెరగాలంటే ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి, అంత మార్పు ఇంకే ఖర్చుతోనూ రాదు. కానీ దాచి పెట్టేందుకు దాన్ని నమ్మకండి. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే అందులోని రాత చెరిగిపోవచ్చు. దాపుకు హార్డ్ డిస్కే మేలు, అదీ రెండు ప్రతులు, రెండు ఇళ్లల్లో.

మీ పుస్తకమో, మీ నాన్న పుస్తకమో ఏ డీటీపీ షాపులో కంపోజయిందో గుర్తు చేసుకోండి. ఈ వారమే పోయి ఆ డిస్క్ అడగండి. అసలు ఫైలు, దాని ఫాంట్లు, యూనికోడ్ ప్రతి, పీడీఎఫ్ నాలుగూ దాచండి. ఇరవై ఏళ్లు దాటిన డిస్క్ ఇంకో ఎండాకాలం ఆగుతుందని ఎవరూ చెప్పలేరు.