టెస్టులో పాస్, సర్వర్‌లో ఫెయిల్

2020 జూలైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ మొదలైంది. హైదరాబాద్ దాకా పోకుండానే కోడింగ్ కొలువు చేసే వీలు ఈ జిల్లా పిల్లలకు దక్కింది. ఆ కొలువులో జావా మీద పనిచేసేవాళ్లకు త్వరగానే ఎదురయ్యే చిక్కు ఒకటుంది: టెస్టులన్నీ పాసైన ప్రోగ్రామ్ సర్వర్ మీదికి ఎక్కగానే కూలబడుతుంది.

పెద్ద సాఫ్ట్‌వేర్‌ను మాడ్యూళ్లుగా విడగొట్టి రాస్తారు. బిల్లింగ్ ఒకటి, లాగిన్ ఒకటి. ఒక్కోటీ బయటి లైబ్రరీలను వాడుకుంటుంది. అవి మరికొన్నిటిని వెంటేసుకొస్తాయి. వీటికోసం జావా వెతికే చోట్ల జాబితాయే క్లాస్‌పాత్. అందులో ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు పడితే, ఒకే పేరున్న ఇద్దరిలో ముందింటివాడే పలికినట్టు, ముందు దొరికిందే లోడవుతుంది.

టెస్టులకు క్లాస్‌పాత్ వేరు. జేయూనిట్ వంటి పరీక్ష సామగ్రి అక్కడే ఉంటుంది, అసలు ప్రోగ్రామ్‌తో సర్వర్‌కు పోదు. దానివెంట ఏ లైబ్రరీదో కొత్త వెర్షన్ దూరిందా, టెస్టు దాని బలంతో గట్టెక్కుతుంది. సర్వర్‌లో మాత్రం పాతదే ఉంటుంది. పిలిచిన మెథడ్ అందులో ఉండదు. 'నో సచ్ మెథడ్ ఎర్రర్' అంటూ పని ఆగిపోతుంది. 

లైబ్రరీలను తెచ్చిపెట్టే పనిముట్లు మావెన్, గ్రేడిల్ ఈ వెర్షన్ల తగువును చెరోలా తీరుస్తాయి. ప్రాజెక్టుకు దగ్గరి మెట్టు మీదున్న వెర్షన్‌ను, పాతదైనా సరే, మావెన్ తీసుకుంటుంది. గ్రేడిల్ మామూలుగా అన్నిటికన్నా కొత్తదాన్ని ఎంచుతుంది. అందుకే మావెన్ వాడేవాళ్లు వెర్షన్లన్నీ మాడ్యూళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే పేరెంట్ ఫైల్లో ఒక్కచోటే రాసుకోవడం మేలు. 'డిపెండెన్సీ ట్రీ' కమాండ్ ఇస్తే ఎవరు ఎవరిని తెచ్చారో కనబడుతుంది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం బయటపడ్డప్పుడు కంపెనీలు ఈ జాబితాలనే తవ్వాయి: చాలాచోట్ల ఆ లైబ్రరీని నేరుగా ఎవరూ అడగలేదు, మరొకదాని వెంట వచ్చి కూర్చుంది.