పికప్ పెరిగితే వేడీ పెరుగుతుంది!

‘అమ్మా, బండి పికప్ చాలడం లేదు. బోరు పెద్దది చేయించి, సైలెన్సర్ మార్పిస్తా. డబ్బులివ్వవూ?’ అని కాలేజీకెళ్లే కొడుకు గారాలు పోతుంటే, బైకు గొడవలు మనకెందుకులే అని పర్సు తీసిచ్చే తల్లులే ఎక్కువ. ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి. ‘మరి ఇంజిన్ వేడి సంగతేమిట్రా?’ అని.

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో బండిని నడపడానికి పనికొచ్చేది పావు వంతు, మహా అయితే మూడో వంతు. మిగతాదంతా వేడే. కొంత పొగతోపాటు సైలెన్సర్‌లోంచి పోతుంది, కొంత ఇంజిన్‌కి పడుతుంది. మన వీధుల్లో తిరిగే బైకుల్లో ఎక్కువ భాగం గాలితో చల్లబడేవే. సిలిండర్ చుట్టూ పలకలు పేర్చినట్టు ఉంటాయి చూడండి, అవే ఫిన్స్. అందానికి పెట్టినవి కావవి. బండి పరుగెడుతుంటే గాలి వాటి మధ్య దూరి వేడిని లాక్కుపోతుంది. ఏ ఇంజిన్‌కి ఎన్ని కావాలో కంపెనీవాళ్లు లెక్కగట్టే పెడతారు. మనవాళ్లు ఇంజిన్ మారుస్తారు, ఫిన్స్ మాత్రం పాతవే!

అయిదు మిల్లీమీటర్లే కదా!

కుర్రాళ్లు ఇప్పటికీ ప్రాణం పెట్టే యమహా ఆర్‌ఎక్స్ 100నే తీసుకోండి. 1996లో తయారీ ఆగిపోయినా పాత బళ్లు వెతికి మరీ కొంటున్నారు. దాని బోరు 50 మిల్లీమీటర్లు, ఇంజిన్ 98 సీసీ. బోరుని 55 చేస్తే ‘అయిదే కదా’ అనిపిస్తుంది. లెక్క వేస్తే 98 కాస్తా సుమారు 119 సీసీ అవుతుంది. అంటే అయిదో వంతు ఎక్కువ. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు అంతకంత పెట్రోలు మండుతుంది, ఆ మేరకు వేడీ పుడుతుంది. నలభై స్పీడులో నెమ్మదిగా పోతే పెద్ద తేడా ఉండదన్నది నిజమే. కానీ నలభైలో పోవడానికి బోరు ఎవరు చేయిస్తారు చెప్పండి! పైగా పాత సిలిండర్‌నే చెక్కితే గోడ పలచబడుతుంది.

హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచినా ఇంజిన్ వేడెక్కుతుంది. అది మితిమీరితే లోపల పెట్రోలు పద్ధతిగా మండకుండా పేలినట్టు మండి టకటకమని చప్పుడొస్తుంది. అలాగే తోలితే పిస్టన్‌కి చిల్లు పడడం కూడా ఉంది.

స్టవ్ మంట గుర్తుందా?

ఎయిర్ ఫిల్టర్ తీసేసి, డబడబలాడే సైలెన్సర్ బిగించడం ఇంతకన్నా మోసం. ‘ఇంజిన్ ముట్టుకోలేదుగా’ అంటారు. మన గ్యాస్ స్టవ్ చూడండి. గాలి చాలకపోతే మంట పసుపుపచ్చగా వచ్చి గిన్నె అడుగు మసి పడుతుంది. గాలి సరిపోతే నీలం మంట, మంచి వేడి. ఇంజిన్‌లోనూ పాళ్లే ముఖ్యం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. జోరుగా పోయేటప్పుడు పెట్రోలు ఇంకాస్త ఎక్కువే పడాలి. ఆ ఎక్కువ పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడి తగ్గిస్తుంది. గాలి దారి వెడల్పు చేసి, కార్బొరేటర్‌లో జెట్ పాతదే ఉంచితే పెట్రోలు పాలు తగ్గి ఇంజిన్ కాగిపోతుంది. మైలేజీ కోసం పెట్రోలు మరీ తగ్గించమన్నా జరిగేది ఇదే. (ఈ పని కొడుకులు కాదు, వాళ్ల నాన్నలు చేయిస్తారు!)

టూ స్ట్రోక్ బండికి ఇది మరీ ప్రమాదం. వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తుంది. వెనక చక్రం తిరగడం మానేస్తుంది. క్షణంలో క్లచ్ నొక్కకపోతే హైవే మీద ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బళ్లలో దాదాపు అన్నిటికీ కార్బొరేటర్ బదులు ఇంజెక్షనే. అందులో పాళ్లు చూసుకునేది చిన్న కంప్యూటర్. అదీ ఒక హద్దు వరకే సర్దుతుంది.

మార్పు చేయించి తీరాలంటే జెట్ కూడా మార్చారా అని మెకానిక్‌ని అడగండి. కొన్నాళ్లు నడిపాక ప్లగ్గు విప్పించి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే బాగున్నట్టు. తెల్లగా పాలిపోతే వేడి ఎక్కువైనట్టు. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు.

ఆర్సీ మాటా మరవద్దు. అందులో రాసిన సీసీ ఒకటి, బండిలో ఉన్నది ఇంకొకటి అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

మీరు నడిపే గేరుల్లేని స్కూటర్ కూడా చూసుకోండి. వాటిలో చాలావాటికి ఇంజిన్‌ని చల్లబరిచేది పక్కనుండే ఫ్యానూ, దాని చుట్టూ ఉన్న తొడుగూ. సర్వీసింగ్‌లో ఆ తొడుగు సరిగా బిగించకపోతే గాలి పక్కకి పోతుంది.

సైలెన్సర్ మార్పిస్తే దాని మీద కాలు తగలకుండా ఉండే రేకు కొత్తదానికీ ఉందో లేదో చూడండి. వెనక కూర్చునే అమ్మాయిలకీ, చిన్నపిల్లలకీ పిక్కలు కాలేది అక్కడే. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా లాంటివి పూయకండి.