వాచిన చేతికి నీటి వ్యాయామం... కాల్వలో మాత్రం దిగవద్దు

పెదకూరపాడు: రొమ్ము కేన్సర్‌కు ఆపరేషన్ జరుగుతుంది. పుండు మానుతుంది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ కొందరికి నెలలకో, ఏళ్లకో ఆ వైపు చెయ్యి బరువెక్కుతుంది. గాజులు బిగుసుకుంటాయి. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు. మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లే మహిళకు ఇది కూటి మీద దెబ్బే.

కేన్సర్ చంకలోని బిళ్లలకు పాకితే ఆపరేషన్‌లో వాటినీ తీసివేస్తారు. ఒంట్లో ఊరే నీరు ఆ బిళ్లల గుండా సాగి తిరిగి రక్తంలో కలవాలి. ఆ దారి తెగితే, మురుగు కాల్వ పూడిన పొలంలా చేతిలో నీరు నిలుస్తుంది. బోదకాలు వాపు కూడా ఇటువంటిదే. అయితే ఇది దోమల వల్ల వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు.

నీరేం చేస్తుంది?

బావిలో మునిగి ఉన్నంతసేపు బిందె తేలిక. పైకి రాగానే బరువు. చెయ్యీ అంతే. భుజాల లోతు నీటిలో బిగుసుకుపోయిన చెయ్యి సులువుగా కదులుతుంది. పైగా లోతు పెరిగే కొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. కిందికి వేలాడే చేతికి వేళ్ల వద్ద ఎక్కువ, భుజం వద్ద తక్కువ ఒత్తిడి తగిలి, నిలిచిన నీరు పైకి కదులుతుంది.

ఇజ్రాయెల్ ఫిజియోథెరపిస్టు డోరిట్ టిడ్హార్ ఈ సూత్రం మీదనే గోరువెచ్చని నీటిలో నిదానంగా చేసే వ్యాయామాలను రూపొందించారు. 2010లో వెలువడిన ఆమె పరిశోధనలో వ్యాయామం ముగియగానే వాపు తగ్గింది. కానీ ఆ తగ్గుదల ఎక్కువ కాలం నిలవలేదు. కనుక ఇది తోడు వైద్యమే. డాక్టరు ఇచ్చిన బిగుతు తొడుగును మానరాదు.

సాగర్ కాల్వ, ఊరి చెరువు ఉండగా శుభ్రమైన కొలను ఎందుకని అనుకోరాదు. వాచిన చేతికి చిన్న గీత పడినా మురికి నీటి వల్ల చీము పట్టవచ్చు. పుండు మానకముందు, రేడియేషన్‌తో చర్మం కమిలినప్పుడు కొలనులోనూ దిగకూడదు. మరీ వేడి నీరూ పనికిరాదు.

కొలను లేకుంటే?

చెయ్యిని కదపకుండా ఉంచడమే మేలన్నది పాత మాట. 2009లో అమెరికాలో చెయ్యి వాచిన 141 మంది మహిళలపై జరిగిన పరిశోధనలో, శిక్షణతో కొద్దికొద్దిగా బరువులెత్తినా వాపు పెరగలేదు. పిడికిలి మూసి తెరవడం, గోడ మీద వేళ్లను మెల్లగా పైకి పాకించడం ఇంట్లోనే చేయవచ్చు. ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరును అడగాలి. పొలంలో చేతికి తొడుగు వేసుకోవాలి.

చెయ్యి ఎర్రబారి, వేడెక్కి, జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు. పెదకూరపాడు నుంచి గుంటూరుకు రైలు ఉంది. అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు సాయంతో నిర్మించిన కేన్సర్ విభాగం ఉంది. ఆపరేషన్‌తో వైద్యం ముగిసిందనుకోకుండా, చెయ్యి సంగతి కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.