పద్నాలుగు మిల్లీమీటర్లు

ఏడాదిన్నర పిల్ల పొడుగు కొలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కొలత చెక్క మీద పిల్లని వెల్లకిలా పడుకోబెట్టాక, ఒకరు తల వైపు కూర్చుని రెండు చేతులతో తల కదలకుండా పట్టుకోవాలి. ఇంకొకరు మోకాళ్ళు మెల్లగా అదిమి, జరిగే పలకని అరికాళ్ళకి ఆనించాలి. మా ఊరి అంగన్‌వాడీలో నేను చూసిన రోజున టీచరు తల పట్టుకుంది, ఆయమ్మ కాళ్ళు పట్టుకుంది, పిల్ల గది అదిరేలా ఏడ్చింది. 74 సెంటీమీటర్లు వచ్చింది. మోకాలు వంగిందేమోనని టీచరుకి అనుమానం. తల్లిని పిలిచి, పిల్ల ముఖం మీదికి వంగి కబుర్లు చెప్పమంది. ఏడుపు తగ్గాక మళ్ళీ కొలిచారు. ఈసారి 75.2.

పద్దెనిమిది నెలల ఆడపిల్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 74.9 దగ్గర ఉంది. అంతకంటే తగ్గితే ఎదుగుదల దెబ్బతిన్నట్టు లెక్క. మొదటి కొలతలో గీత కింద ఉన్న పిల్ల రెండో కొలతలో గీత పైకి వచ్చింది. మధ్యలో జరిగింది ఒక తల్లి కబుర్లు చెప్పడం, ఒక టీచరు తన కొలతని తానే అనుమానించడం. ఆ అనుమానం విలువ ఎంతో తెలియాలంటే ఆ గీత సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆ గీతని 2006లో ప్రకటించారు. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో మంచి తిండి, తల్లిపాలు, శుభ్రత, వైద్యం అందిన పిల్లల్ని ఎంచుకుని కొలిచారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు ఉన్నారు. అన్నీ సరిగ్గా అందితే ఈ ఆరు దేశాల పిల్లలూ అయిదేళ్ళ దాకా ఇంచుమించు ఒకే తీరులో ఎదుగుతారని అందులో తేలింది. "మావాళ్ళు మొదట్నుంచీ పొట్టేనండీ, మా వంశమే అంత" అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ ఢిల్లీ పిల్లలు గుర్తుకొస్తారు. ఒక్కో ఇంట్లో ఆ మాట నిజం కావచ్చు. ఊరు ఊరంతటికీ అది వర్తించదు.

బాగా పెరిగే పిల్లల్లో నూటికి ఇద్దరో ముగ్గురో మాత్రమే ఆ గీత కింద ఉంటారు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో ఆ గీత కింద ఉన్నవాళ్ళు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. నూటికి ముప్పై మంది పొట్టిగా ఉన్న చోట పొట్టితనం ఎవరి కంటికీ ఆనదు. పక్కింటి పిల్లా అంతే ఉంటుంది, ఎదురింటి పిల్లాడూ అంతే ఉంటాడు. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది, విరేచనాలైతే ఇల్లంతా కంగారు పడుతుంది. ఎత్తు ఆగిపోతే ఏ చప్పుడూ ఉండదు. అందుకే కొలవాలి, అందుకే సరిగ్గా కొలవాలి.

మనకి ఇలాంటి గమనింపు కొత్తది కాదు. పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు చేసి పంచడం తెలుగిళ్ళలో పాత వేడుక. ఊరిని బట్టి వంటకం మారినా వరస మారదు. పుస్తకం తెరవని అమ్మమ్మ కూడా పిల్ల ఏ నెలలో ఏం చేయాలో లెక్క పెట్టుకునేది, ఆలస్యమైతే అందరికంటే ముందు ఆమే బెంగపడేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పిల్లలు పట్టు లేకుండా నడిచే వయసు సుమారు ఎనిమిదో నెల నుంచి పద్దెనిమిదో నెల దాకా ఉంది. కాబట్టి పదమూడో నెలలో అరిసెలు పంచలేదని కంగారు పడక్కర్లేదు. పద్దెనిమిది దాటినా అడుగు పడకపోతే మాత్రం "మా ఆయనా ఆలస్యంగానే నడిచాడట" అని ఊరుకోకూడదు. డాక్టరుకి చూపించాలి.

ఇక శీర్షికలో ఉన్న అంకె దగ్గరికి వస్తాను. అంగన్‌వాడీలని నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల మొదలైంది. అది ఒక్కసారిగా అంతటా రాలేదు, ఒక్కో ప్రాంతానికీ వంతుల వారీగా వచ్చింది. 1987–90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని పల్లెలకి అది అందింది. వాటి పక్కనే ఉన్న పల్లెలు ఇంకా వంతు కోసం చూస్తున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ తేడాని పరిశోధనకి వాడుకుంది. పథకం అందిన 15 ఊళ్ళలో గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, ఆరేళ్ళలోపు పిల్లలకి రోజూ మొక్కజొన్న–సోయా పిండితో వేడిగా ఉప్మా వండి పెట్టేవారు. తల్లికి సుమారు 500 కేలరీలు, పిల్లకి సుమారు 300 కేలరీలు. అందని 14 ఊళ్ళతో పోల్చారు.

పదిహేనేళ్ళ తర్వాత పరిశోధకులు మళ్ళీ ఆ 29 ఊళ్ళకీ వెళ్ళారు. అప్పటి పసిపిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యారు. 1,165 మందిని కొలిచారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఒంట్లో ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం కూడా వాళ్ళలోనే మెరుగ్గా ఉన్నాయి. అంటే నడివయసులో వచ్చే షుగరుకీ గుండెజబ్బుకీ మొదటి అడ్డుకట్ట ఆ ఉప్మా గిన్నె దగ్గరే పడి ఉండవచ్చు.

పద్నాలుగు మిల్లీమీటర్లంటే చిటికెన వేలి గోరు పొడుగు కంటే కాస్త ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. ఒక్క పిల్ల విషయంలో అది ఏమీ కాదు, మోకాలు వంగితేనే అంత తేడా వస్తుందని పైన చూశాం. కానీ వందలాది పిల్లల సగటు అంత జరగడం చిన్న విషయం కాదు. పైగా ఆ ఊళ్ళలో పుట్టిన వాళ్ళందరూ రోజూ కేంద్రానికి వచ్చి తిన్నవాళ్ళు కారు. తిననివాళ్ళని కూడా కలుపుకుని వచ్చిన సగటు అది. చీటీలు తీసి ఊళ్ళని పంచిన ప్రయోగం కాదు కాబట్టి ఊళ్ళ మధ్య వేరే తేడాలు కొన్ని ఉండి ఉండవచ్చు, ఆ జాగ్రత్త కూడా చెప్పాలి. అయినా ఏ ఇంట్లోనైనా వండగలిగే ఒక గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత కూడా పిల్ల ఒంట్లో కనబడుతోందంటే నేను దాన్ని తేలిగ్గా తీసుకోలేను.

తిండి దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఆ రోజు కొలత అయ్యాక టీచరు తల్లిని అడిగింది: "ఏమ్మా, నిన్న పొద్దున్నుంచీ పిల్ల ఏం తింది?"

"పప్పుకట్టులో అన్నం పిసికి పెట్టాను టీచర్. రెండు పూటలూ కడుపు నిండా తింది."

కడుపు నిండడం నిజమే. పసిపిల్ల పొట్ట ఒంటి బరువులో కిలోకి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. ఎనిమిది కిలోల పిల్ల పొట్టలో ఒక గ్లాసెడు పడితే అదే ఎక్కువ. ఆ గ్లాసులో ముప్పావు వంతు నీళ్ళే అయితే పొట్ట నిండుతుంది, పిల్ల ఎదగదు. మనం ప్రేమతోనే పల్చగా చేస్తాం, గొంతుకి అడ్డం పడుతుందేమోనని భయం. టీచరు చెంచాలో, అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే బాలామృతం పిండి కలిపి, చెంచాని పక్కకి వంచి చూపించింది. జారిపోకుండా నిలిస్తే అదీ చిక్కదనం. అందులో ఒక టీస్పూన్ నూనో నెయ్యో వేస్తే ఇంకో 45 కేలరీలు చేరతాయి, పొట్టలో అదనంగా చోటు మాత్రం పెద్దగా పట్టదు. రోజుకి రెండు పూటలు చాలవు, ఏడాది దాటిన పిల్లకి మూడు నాలుగు సార్లు పెట్టి, మధ్యలో ఒక గుడ్డో అరటిపండో ఇవ్వాలి. ఇందులో ఖర్చు కంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించడమే పెద్ద పని.

ఒట్టి తిండితోనే అంతా అయిపోతుందా అంటే, సరిగ్గా అదే కాలంలో భూగోళానికి అవతలి పక్కన జరిగిన మరో ప్రయోగం చూడాలి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986–87లో ఎదుగుదల దెబ్బతిన్న 129 మంది పిల్లల్ని తీసుకున్నారు. వయసు 9 నుంచి 24 నెలలు. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్త వారానికి ఒక గంట వెళ్ళి, ఇంట్లో చేసిన బొమ్మలతో తల్లినీ పిల్లనీ కలిపి ఆడించింది. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ అందలేదు. ఇలా రెండేళ్ళు నడిచింది. పిల్లలకి 22 ఏళ్ళు వచ్చాక చూస్తే, ఆట అందినవాళ్ళ సంపాదన అందనివాళ్ళ కంటే సుమారు 25 శాతం ఎక్కువ ఉంది. 2014లో సైన్స్ పత్రికలో ఈ సంగతి వచ్చింది. పాలపొడి ఒక్కటే అందినవాళ్ళలో మాత్రం అంత దూరం నిలిచిన మేలు కనబడలేదు.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి తిండి గొప్పదా ఆట గొప్పదా అని తగువు పెట్టుకోవడం అనవసరం. పుట్టినప్పుడు పెద్దవాళ్ళ మెదడులో నాలుగో వంతు ఉండే పిల్ల మెదడు ఆరేళ్ళకి దాదాపు 90 శాతం అవుతుంది. ఆ పెరుగుదలకి సరుకు తిండి నుంచి వస్తుంది. ఆ సరుకుతో ఏం కట్టాలన్నది మాత్రం పిల్ల ఊ కొడితే తిరిగి ఊ కొట్టే మనిషి వల్ల, చేయి చాపిన వైపు చూసి "అదిగో కాకి" అనే మనిషి వల్ల తేలుతుంది. కొలత చెక్క మీద ఏడుస్తున్న పిల్లని ఆపింది కూడా అదే కదా.

నన్ను కలవరపెట్టే సంగతి ఒకటుంది. ఈ రెండు ప్రయోగాలూ బలంగా చెప్పేది తల్లి కడుపు నుంచి మొదలయ్యే తొలి ఏళ్ళ గురించి. మన అంగన్‌వాడీ రోజంతా చూసేది మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్ని. మూడేళ్ళలోపు పిల్లకి ఇంటికిచ్చే పొట్లం, టీకా, నెలకోసారి తూకం అందుతాయి. పొట్లం ఇంటికెళ్ళాక ఇంట్లో అందరి పొట్లమూ అవుతుంది. ఆ వయసు పిల్ల దగ్గరికి చేరాలంటే ఎవరో ఒకరు గడప దాటి ఇంట్లోకి వెళ్ళి కూర్చోవాలి. ఆ పని ఎవరిది? వంట చూడాలి, గుడ్లు లెక్కపెట్టాలి, బడి నడపాలి, కొలతలు ఫోన్‌లో పోషణ్ ట్రాకర్‌లోకి ఎక్కించాలి, సర్వేలకి పోవాలి, ఇవన్నీ చేసే అదే టీచరుది. గుడ్ల లెక్కకి గడువుంది, ఫోన్‌లో ఎక్కించడానికి గడువుంది. పిల్ల ఇంట్లో అరగంట కూర్చోవడానికి గడువు లేదు, కాబట్టి అది రేపటికి పోతుంది. ఇంత పనికీ కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం 2018లో నెలకి 4,500 రూపాయలైంది, దానిపైన రాష్ట్రాలు మరికొంత కలుపుతున్నాయి. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పాల్సి వచ్చింది.

ఇంకో మనిషిని ఇస్తే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, తమిళనాడులో చూశారు. నాలుగు జిల్లాల్లో 320 కేంద్రాలు తీసుకుని, చీటీలు తీసినట్టు సగం కేంద్రాలకి సగం రోజు పనిచేసే అదనపు కార్యకర్తని ఇచ్చారు. ఆమె పిల్లలకి చదువు చూసుకుంది. పాత టీచరుకి మిగతా పనులకి తీరిక దొరికింది. చదువు చెప్పే సమయం రెండింతలైంది. ఏడాదిన్నరలో పిల్లల లెక్కలు, మాటలు మెరుగయ్యాయి. కేంద్రంలో కొనసాగిన పిల్లల్లో ఎదుగుదల దెబ్బతిన్నవాళ్ళు కూడా తగ్గారు. మన రెండు రాష్ట్రాల్లోనూ నేను అన్నిటికంటే ముందు అడిగేది ఇదే, కొత్త భవనం కంటే, గోడ మీద బొమ్మల కంటే ముందు: మూడేళ్ళలోపు పిల్లల ఇళ్ళకి వెళ్ళడమే పనిగా ఉన్న ఇంకో మనిషి. ఆమెకి జీతం అనే పేరుతోనే జీతం.

అడగడానికి చట్టంలో ఉన్న ఆసరా తక్కువే. చదువు హక్కు 2002 నాటి 86వ సవరణతో ఆరేళ్ళ నుంచి మొదలైంది, ఆరేళ్ళలోపు పిల్లలు 45వ అధికరణలో ఆదేశిక సూత్రంగా మిగిలారు. అయితే 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లె గానీ బస్తీ గానీ కావాలని అడిగితే మూడు నెలల్లోగా కేంద్రం తెరవాలి. తండాల్లో, ఇటుక బట్టీల పక్కన పెరిగిన పేటల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. పిల్లల పేర్లు రాసి, పెద్దల సంతకాలు పెట్టించి, అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. చదువుకున్నవాళ్ళు పక్కనుండి చేయించగల పని ఇది.

మా ఊరి పిల్లని మళ్ళీ నెల కొలిచినప్పుడు నేను అక్కడ లేను. టీచరుకి ఫోన్ చేశాను. 76 వచ్చిందట. ఒక్క నెల అంకెని పట్టుకుని ఏమీ చెప్పలేమనీ, వరసగా మూడు నెలలు చూడాలనీ ఆమే అంది. పని ముగించుకుని ఇంటికి వెళ్తూ రెండుసార్లు వాళ్ళింట్లో ఆగిందట. రెండోసారి వెళ్ళినప్పుడు, తను అడక్కుండానే, పిల్ల నాయనమ్మ గిన్నెలోంచి చెంచా తీసి పక్కకి వంచి చూపించిందట.