గని మట్టిలో మేత: వేళ్ళను ఆశ్రయించిన సూక్ష్మజీవులు

బొగ్గు గనుల ప్రాంతంలోని ఒక సభ్యసంఘానికి లెక్కల తనిఖీకి వెళ్ళినప్పుడు, పాలకవర్గం వారు మమ్ములను ఊరి పక్కనున్న ఓ.బి. మట్టి గుట్ట దగ్గరకు తీసుకువెళ్ళారు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గును చేరడానికి పైనున్న మన్నునూ రాతినీ తవ్వి పోసిన గుట్ట అది. “ఊళ్ళో బీడు లేకుండా పోయింది. దీనిమీద మేత పెంచుకోవచ్చునా, యూరియా ఎంత పడుతుంది?” అని అధ్యక్షులు అడిగారు. రిజిష్టర్లు చూడవచ్చిన మాకు అప్పటికప్పుడు సమాధానం తోచలేదు. తరువాత తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకొన్నది ఇతర సంఘాల వారికి కూడా పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాము.

గోదావరి లోయలో సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు వద్ద భూగర్భ గనులతో మొదలైంది. ఇంతింత గుట్టలు లేచినవి ఓపెన్‌కాస్టు పద్ధతి వచ్చిన తరువాతనే. చూడడానికి మట్టివలె ఉన్నా ఇది మన చేని మట్టి కాదు. ఎంతో లోతునుండి వచ్చిన రాతి ముక్కలు, ఇసుకరాయి పొడి ఇందులో ఎక్కువ. నీరు నిలవదు, ఎండకు పెనంవలె కాలుతుంది. కుళ్ళిన ఆకు అలము లేదు గనుక నత్రజని దాదాపు శూన్యం. అన్నిటికంటె ముఖ్యం, చేని మట్టిలో గరిటెడులో కోట్ల కొద్దీ ఉండే సూక్ష్మజీవులు ఇక్కడ బహు స్వల్పం. గంధకం ఎక్కువగల అస్సాం, మేఘాలయ బొగ్గు గనుల మట్టిలో ఆమ్లం పుట్టి మొక్కను చంపుతుంది. మన బొగ్గులో గంధకం తక్కువ కావున ఆ బాధ మనకు అంతగా లేదు.

నత్రజని గాలిలో నూటికి 78 పాళ్ళు ఉన్నది. కాని మొక్క దానిని నేరుగా తీసుకోలేదు. పప్పుజాతి మొక్కల వేళ్ళపై ఉండే బుడిపెలు ఈ పని చేస్తాయని 1886లో జర్మనీ దేశపు హెల్‌రీగెల్ ప్రకటించాడు. 1888లో హాలెండు దేశపు బైజెరింక్ ఆ బుడిపెలలోని బాక్టీరియాను వేరుచేసి పెంచాడు. వీటినే రైజోబియం అంటున్నాము. ఇవి వేరు వెంట్రుక గుండా లోపలికి చేరి బుడిపె కట్టుకొంటాయి. మొక్క వాటికి చక్కెర ఇస్తుంది, అవి మొక్కకు నత్రజని ఇస్తాయి. పాలు పోసి దాణా తీసుకుపోయే మన సభ్యుని లావాదేవీ వంటిదే, ఒకవైపు ఆగితే రెండవదీ ఆగుతుంది.

ఈ లావాదేవీ నడుస్తున్నదా లేదా చూడడానికి ప్రయోగశాల అక్కరలేదు. విత్తిన ఆరు వారాలకు ఒక మొక్కను పారతో మట్టి గడ్డతో సహా పెకలించి, వేళ్ళను నీటిలో మెల్లగా కడగాలి. బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబి రంగు ఉంటే పని జరుగుతున్నది. మన రక్తంలోని హీమోగ్లోబిన్ వంటి పదార్థమే ఆ రంగుకు కారణం. తెల్లగా ఉంటే ఇంకా పని ఎత్తుకోలేదు, లేదా ఆ బాక్టీరియా పనికిరానిది. ఆకుపచ్చగా మారితే దాని కాలం తీరింది.

యూరియా సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. మొలక నిలదొక్కుకొనడానికి కొద్దిగా నత్రజని వేస్తే తప్పులేదు. బస్తాలు కుమ్మరిస్తే మొక్క బుడిపెలు కట్టడమే మానుకొంటుంది, యూరియా వాన నీటితో గుట్ట దిగిపోతుంది. బుడిపెలకు కావలసినది భాస్వరం, అంటే సూపర్ ఫాస్ఫేటు.

ఇటువంటి మట్టిలో తగిన రైజోబియం తనంతట తాను ఉంటుందని నమ్మడానికి లేదు, విత్తనానికి పట్టించవలసిందే. ఎకరాకు సరిపడే విత్తనానికి 200 గ్రాముల కల్చరు పాకెట్టు చాలు. చల్లార్చిన బెల్లపు నీటిలో కలిపి విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి అదేరోజు విత్తాలి. ఈ చిన్న పనిలోనే మేము చూచిన నష్టం ఎక్కువ. ఒక సంఘం పాకెట్లు తెప్పించి వేసవిలో రేకుల గదిలో ఎరువుల బస్తాలమీద పెట్టింది. విత్తేనాటికి వాటిలో ప్రాణమున్న బాక్టీరియా మిగలలేదు. సభ్యులు విత్తనం నకిలీదన్నారు, కార్యదర్శి మాట పడ్డాడు. మరొకచోట ముందు కల్చరు పట్టించి, ఆ తరువాత స్టైలో విత్తనాన్ని వేడినీటిలో వేశారు! గట్టి పొర మెత్తబడడానికి వేడినీరు అవసరమే, కాని అది ముందు. చల్లారి ఆరిన తరువాతనే కల్చరు. పాకెట్టుమీద ఏ పంటకని ఉన్నదో కూడ చదవాలి. లూసర్ను కల్చరు అలసందకు పనిచేయదు. సుబాబుల్‌కు దానికి తగినదే కావాలి.

కల్చరు ఒక్కటే చాలదు. నాగపూరు జిల్లా గుమ్‌గాఁవ్ మాంగనీసు గని మట్టిమీద నాగపూరు నీరి సంస్థ శాస్త్రజ్ఞులు చేసిన పనిలో చక్కెర మిల్లు ప్రెస్‌మడ్ కలిపి, రైజోబియం, అజోటోబాక్టర్‌లతోపాటు వేరుకు అంటి భాస్వరం తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రాన్ని కూడా వాడారు. బాక్టీరియాకు తిండి, తేమ, చల్లదనం సేంద్రియ పదార్థమే ఇస్తుంది. మనకు మిల్లు మడ్డి దూరమైనా పేడకు కొదువలేదు గదా.

మొదట జీలుగ, పిల్లిపెసర వేసి కలియదున్నడం, తరువాత స్టైలో హెమటా వేయడం మంచిదని మా అభిప్రాయం. గట్లమీద కానుగ, అవిసె. నేపియర్ వంటి గడ్డికి బుడిపెలు రావు, అది రెండవ దశలో రావలసిన మాట.

సుబాబుల్ విషయంలో ఒక హెచ్చరిక. దానిలో మైమోసిన్ అనే విషముంది. అదే మేతగా పెడితే పశువుకు వెంట్రుకలు ఊడుతాయి, గొంతువాపు వస్తుంది. పచ్చిమేతలో మూడవ వంతుకు మించరాదు. హవాయి దీవుల మేకల పొట్టలో ఈ విషాన్ని హరించే బాక్టీరియా ఉన్నదని గ్రహించి, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రేమండ్ జోన్స్ 1980 దశకంలో దానిని తన దేశపు పశువులకు చేర్చాడు. 1992లో దానికి సినర్జిస్టిస్ జోన్సై అని ఆయన పేరే పెట్టారు. మన పశువుల పొట్టలో అది ఉన్నదని ఎవరూ భరోసా పెట్టుకోవద్దు.

గుట్టమీది మేతను పాడిపశువుకు పెట్టేముందు మట్టినీ మేతనూ సీసము, కాడ్మియం వంటి లోహాలకు పరీక్ష చేయించాలి. మేతలోని లోహం పాలలోకి కూడా రావచ్చు. ఈ ఖర్చుకు పాలకవర్గం వెనుకాడరాదు. పశువులను గుట్టమీదకు తోలనే కూడదు. వాలు జారుతుంది, కొన్ని గుట్టల లోపల బొగ్గు రజను తనంతట తాను రగులుతుంటుంది. కోసి తెచ్చుకోవడమే క్షేమం. భూమి మనది కాదు గనుక గని యాజమాన్యంనుండి వ్రాతపూర్వకంగా అనుమతి తీసుకొని, ఆ కాగితాన్ని తీర్మానంతో జతపరచాలి.

పైన చెప్పిన సంఘం వారు అర ఎకరంలో ముందు చూస్తామని, పేడ ఎరువుకూ మట్టి పరీక్షకూ తీర్మానం వ్రాసుకొన్నారు. అనుమతికి దరఖాస్తు పంపారు. వచ్చే తనిఖీకి వెళ్ళినప్పుడు క్యాష్‌బుక్కుతోపాటు నాలుగు మొక్కల వేళ్ళు కూడా చూపించమని చెప్పి వచ్చాము.