కాయిల్ చెప్పేదెంత, మనం ఊహించేదెంత

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా మెటల్ డిటెక్టర్ కిట్లు చవగ్గా దొరుకుతున్నాయి. చిన్న సర్క్యూట్ బోర్డు, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒకటో రెండో ఐసీలు, ఒక బజర్, ఏది ఎక్కడ పెట్టాలో అచ్చేసిన కాగితం: సరంజామా అంతే. కాలేజీ ప్రాజెక్టు కోసం కొనేవాళ్లున్నారు, పిల్లల సరదా కోసం కొనేవాళ్లున్నారు. తాతల నాటి దొడ్లోనో, పాత కోట గోడ పక్కనో బంగారం ఉందన్న మాట విని కొనేవాళ్లూ ఉన్నారు. ఈ చివరివాళ్లకు కిట్ వల్ల నిరాశ తప్పదు. అయినా మన ఇళ్లలో ఇలాంటివి ఇంకా ఎక్కువగా తయారవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. లోహాన్ని వెతికే యంత్రం ఏం చెప్పగలదో, ఎక్కడ దాని మాట ఆగిపోతుందో దాన్ని చేత్తో బిగించినవాడికి తెలిసినంతగా కొని వాడేవాడికి తెలియదు. గుప్తనిధుల పేరుతో గుళ్లు తవ్వేస్తున్న, అప్పులు చేసి మరీ మోసపోతున్న మన ఊళ్లలో ఆ తెలివిడికి ఎంతో విలువ ఉంది.

ముందు ఆ యంత్రం పనిచేసే తీరు చూద్దాం. తీగను గుండ్రంగా చుట్టి, దానికో కెపాసిటర్ కలిపి కరెంటు ఇస్తే ఆ జంట ఒక నిర్ణీత వేగంతో ఊగుతుంది. సెకనుకు లక్ష సార్లు, అంటే 100 కిలోహెర్ట్జ్ అనుకుందాం. ఆ వేగాన్ని మన చెవి వినలేదు. అందుకని బోర్డు మీద సరిగ్గా అదే వేగంతో ఊగే రెండో సర్క్యూట్‌ను పెట్టి, రెండింటినీ కలిపి, వాటి మధ్య తేడాను మాత్రం స్పీకరుకు పంపిస్తారు. రెండూ సమానంగా ఉన్నంతసేపూ నిశ్శబ్దం. కాయిల్ దగ్గరికి లోహం వచ్చిందంటే దాని ఇండక్టెన్స్ కొద్దిగా మారుతుంది. ఆ మార్పు వెయ్యింట ఒక వంతే అయినా ఫ్రీక్వెన్సీ అందులో సగం మేరకు మారుతుంది కాబట్టి, లక్షకు 50 హెర్ట్జ్ తేడా వస్తుంది. అది చెవికి గుర్‌మని వినిపించే శబ్దమే. ఇనుము అయస్కాంత రేఖలను తనలోకి లాక్కుని ఇండక్టెన్స్‌ను పెంచుతుంది. రాగి, అల్యూమినియం, బంగారం లాంటి వాటిలో సుడి కరెంట్లు పుట్టి ఆ రేఖలకు ఎదురుతిరుగుతాయి, ఇండక్టెన్స్ తగ్గుతుంది. ఇనప రేకులో ఈ రెండూ పోటీపడతాయి కాబట్టి శబ్దం పెరుగుతుందో తగ్గుతుందో ముందుగా చెప్పలేం. అంటే, లోహం ఏదో తేల్చే విషయంలో యంత్రానికి మొదటి మెట్టు దగ్గరే అనుమానం ఉంది.

ఈ రకం సర్క్యూట్ కట్టినవాళ్లకు మొదటి పాఠం లోహంతో సంబంధం లేకుండానే వస్తుంది. కాయిల్ మీదికి చెయ్యి తెస్తే చాలు, లోహం ఏమీ లేకపోయినా శబ్దం మారిపోతుంది. తడిగడ్డి తగిలినా అంతే. మన ఒళ్లు, తేమ, కాయిల్ కలిసి ఒక కెపాసిటర్‌లా పనిచెయ్యడమే దీనికి కారణం. నివారణ సులువే: కాయిల్ చుట్టూ వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దాన్ని బోర్డు గ్రౌండ్‌కు కలపాలి. కానీ ఫాయిల్ చుట్టు పూర్తిగా మూసుకోకూడదు, ఒకచోట వేలెడంత ఖాళీ వదలాలి. వదలకపోతే ఆ ఫాయిల్ తానే ఒక మూసిన చుట్టయి, కాయిల్ శక్తినంతా మింగేస్తుంది. ఎండలో పెడితే తీగ వేడెక్కి ఫ్రీక్వెన్సీ మెల్లగా జారుతుంది, చవకరకం సిరామిక్ కెపాసిటర్ అయితే మరీను. ఏది లోహం పంపిన సంకేతం, ఏది చేతి వల్ల, ఎండ వల్ల వచ్చిన గోల అని విడదీయడం ఇక్కడే అలవాటవుతుంది. ఏ పాఠ్యపుస్తకంలో చదివినా ఇంత బాగా ఒంటబట్టే విషయం కాదిది.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్న కిట్లు మరో రకం, పల్స్ ఇండక్షన్ రకం. ఇందులో కాయిల్‌కు 12 వోల్టుల బ్యాటరీ నుంచి కొన్ని వందల మైక్రోసెకన్ల పాటు కరెంటు ఇచ్చి, మాస్‌ఫెట్ అనే స్విచ్‌తో ఠక్కున ఆపేస్తారు. ఆపిన క్షణంలో కాయిల్ చివరల మధ్య వందల వోల్టులు లేస్తాయి (పనిచేస్తుండగా ఆ చివరలు ముట్టుకోకూడదు), మరుక్షణం అణిగిపోతాయి. దగ్గర్లో లోహం ఉంటే దానిలోని సుడి కరెంట్లు ఇంకాస్త ఆలస్యంగా అణుగుతాయి. ఆ ఆలస్యాన్నే సర్క్యూట్ పట్టుకుంటుంది. కాయిల్ మాత్రం మనమే చుట్టుకోవాలి: ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నె చుట్టూ, అర మిల్లీమీటరు రాగి తీగ పాతిక చుట్లు. తీగ కోసం కోఠీ దాకా వెళ్లక్కర్లేదు, ఊళ్లో మోటారు వైండింగ్ షాపులో తూకానికి ఇస్తారు, పాతిక గేజి అని అడిగితే సరిపోతుంది. చుట్టాక గిన్నె నుంచి జాగ్రత్తగా ఊడదీసి, కదలకుండా టేపు బిగించాలి. కిట్ మొరాయించినప్పుడు మొదట చూడాల్సింది తీగ చివరలే. వైండింగ్ తీగకు కంటికి రాగిలా కనబడే సన్నని పూత ఉంటుంది. బ్లేడుతోనో ఉప్పుకాగితంతోనో దాన్ని గీకి, ఎర్రగా మెరిసే రాగి బయటపడ్డాకే సోల్డరింగ్ పెట్టాలి. గీకకపోతే సీసం పైన చక్కగా అతుక్కున్నట్టే ఉంటుంది, కరెంటు మాత్రం పారదు.

యంత్రం బాగున్నా మాట తప్పుగా చేరవచ్చని చెప్పడానికి చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. గుండు ఒంట్లో ఎక్కడుందో తెలియలేదు. ఎక్స్‌రేలు ఇంకా పుట్టలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, అంతకు రెండేళ్ల ముందు డేవిడ్ హ్యూస్ రూపొందించిన ఇండక్షన్ బ్యాలెన్స్‌ను మెరుగుపరచి గుండును వెతికే పరికరం తయారుచేశాడు. ఒంట్లో పాత గుండు మిగిలిపోయిన మాజీ సైనికుడి మీద అది పనిచేసింది. అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం ఎక్కడ పెట్టినా మోగింది. ఆ పరుపు కింద ఉక్కు తీగలున్నాయి. పైగా గుండు కుడివైపే ఉందని నమ్మిన, ఆయనకు వైద్యం చేస్తున్న డాక్టర్ బ్లిస్ ఆ పక్కనే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాక శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది. బెల్ పరికరం తన పని తాను చేసింది, లోహం ఉన్నచోట లోహం ఉందంది. అది ఏ లోహమో, ఎవరిదో చెప్పే శక్తి దానికి లేదు. అదే సూత్రాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ మందుపాతరలు వెతికే పరికరంగా మలిచి, పేటెంటు అడక్కుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. 1942లో ఎల్ అలమైన్ ఎడారిలో అది దారి చూపింది. అక్కడ వెతికే సైనికుడు మోగిన ప్రతిచోటా మట్టిని చేత్తో తడిమి చూసుకునేవాడు. మోత వినగానే నిర్ణయానికి రాలేదు.

లోతు సంగతి చూస్తే ఆశలకూ నిజానికీ మధ్య దూరం ఇంకా తేటతెల్లమవుతుంది. కాయిల్ వెడల్పును దాటి కిందికి వెళ్లేకొద్దీ దాని అయస్కాంత క్షేత్రం దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. లోహం తిరిగి పంపే జవాబు కూడా పైకి వచ్చేలోపు మళ్లీ అంతే తగ్గుతుంది. రెండూ కలిస్తే లోతు రెట్టింపైనప్పుడు సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. అందుకే ఇంట్లో చేసిన పల్స్ కిట్‌కు ఒక నాణెం పదిహేను, ఇరవై సెంటీమీటర్ల లోతు దాకా అందుతుంది. పెద్ద ఇనప పెట్టె అయితే మీటరుకు అటూ ఇటూ. కాయిల్ పెద్దది చేస్తే లోతు కొంత పెరుగుతుంది కానీ చిన్న వస్తువులు జారిపోతాయి. ఖరీదైన యంత్రాలు సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి లోహం రకాన్ని అంచనా వేస్తాయి. వాటికి కూడా ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా మీది అల్యూమినియం రింగు చాలాసార్లు ఒకేలా కనిపిస్తాయి. పది మీటర్ల లోతున్న బంగారాన్ని పైనుంచే చూపిస్తానని ఎవరైనా అన్నారంటే, ఈ ఒక్క 64 లెక్క తెలిసినవాళ్లు జేబులో చెయ్యి పెట్టరు. రాగి పాత్రకు బియ్యం గింజలు అతుక్కుంటాయని, దానిలో ఇరిడియం ఉందని చెప్పి లక్షలు గుంజే రైస్ పుల్లింగ్ మోసాలు మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్నాయంటే, ఆ లెక్కలాంటివి మన దాకా రాకపోవడమే కారణం.

మోసం పల్లెలకే పరిమితం కాలేదు. ఏడీఈ 651 అనే పరికరాన్ని బాంబులు పసిగట్టే యంత్రమని ఇరాక్ ప్రభుత్వానికి అమ్మారు. ప్లాస్టిక్ పిడి, దానికి ఊగే యాంటెన్నా, లోపల పనిచేసే సర్క్యూట్ ఏదీ లేదు, బ్యాటరీ కూడా లేదు. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో దాన్ని నమ్మి వదిలిన వాహనాలు జనాన్ని బలితీసుకున్నాయి. అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో లండన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. ఒక్కసారైనా కిట్ బిగించిన స్కూలు పిల్లవాడు ఆ పరికరాన్ని చూస్తే బ్యాటరీ ఏదని ముందు అడిగి ఉండేవాడు.

వేలకు వేలు పోస్తే మంచి డిటెక్టరే వస్తుంటే ఈ సోల్డరింగ్ అవస్థ ఎందుకు అంటారు కొందరు. వెతకడమే పనైనవాళ్ల విషయంలో ఆ మాట నిజం, వాళ్లు కొనుక్కోవడమే మంచిది. ఫోన్‌లోనే యాప్ ఉందిగా అంటారు ఇంకొందరు. ఫోన్‌లో ఉన్నది దిక్సూచి సెన్సర్, అయస్కాంతానికి స్పందించే ఇనుము లాంటి వాటినే అది గుర్తించగలదు. ఇప్పటి రూపాయి నాణెం అయస్కాంతానికి అతుక్కునే స్టీలు, పాత పది పైసల బిళ్ల అల్యూమినియం. రెండింటినీ ఫోన్ దగ్గర పెట్టి, తర్వాత కాయిల్ దగ్గర పెట్టి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. కాగితం చూసి భాగాలు అతికిస్తే అది సైన్సు ఎలా అవుతుందన్న మూడో ఆక్షేపణలో బలం ఉంది. బజర్ మోగగానే కిట్‌ను అటక మీద పెట్టేస్తే నిజంగానే నేర్చుకున్నది కొంచెమే. దానికి జవాబు ఆ తర్వాత చేసే పరీక్షల్లో ఉంది, వాటి గురించి చివర్లో చెబుతాను.

గుప్తనిధుల వేటగాళ్ల చేతికి ఆయుధం ఇచ్చినట్టు కాదా అన్నది అన్నిటికంటే తీవ్రమైన ప్రశ్న. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి, దాచుకుంటే జైలు. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేని తవ్వకాలను 1958 చట్టం నిషేధించింది. కిట్ అమ్మేవాళ్లు ఈ రెండు ముక్కలూ కిట్‌తో వచ్చే కాగితం మీదే తెలుగులో అచ్చువేస్తే బాగుంటుంది. కానీ గుళ్లను కూల్చే ముఠాలను నడిపించేది పూజారి వేషంలోని మోసగాడి మాట, దాని వెనకున్న దురాశ. మీటరు లోతుకు అటూ ఇటూగా ఆగిపోయే ఈ కిట్ దానికి కొత్త బలం ఇవ్వదు. యంత్రం పరిమితి ఊరంతటికీ తెలిస్తే ఆ మోసగాడి మాటకు గిరాకీ తగ్గుతుంది.

దీనికి నిజాయితీ గల ఉపయోగాలూ తక్కువేం కాదు. పాత ఇంటి టేకు దూలాల్ని మళ్లీ కోయించే ముందు లోపల విరిగిన మేకులున్నాయేమో చూసుకుంటే సామిల్ రంపం పళ్లు బతుకుతాయి. గోడకు డ్రిల్ పెట్టే ముందు లోపలి ఇనప చువ్వలు తెలుసుకోవచ్చు. గేదెలు గడ్డితో పాటు మేకులు, తీగముక్కలు మింగితే అవి పొట్టను చీల్చుకుని గుండె దాకా పోవచ్చు. పశువైద్యులు అలాంటి చోట డిటెక్టర్ వాడతారు. అక్కడా అదే సంగతి: మేకు ఉందని తెలుస్తుంది, గుచ్చుకుందో లేదో తెలియదు, మిగతాది డాక్టరు చెయ్యి, అనుభవం తేల్చాలి. భీమిలి తీరంలో ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి, ఇల్మనైట్ లాంటి ఇనుము కలిసిన ఖనిజాలవి. ఫ్రీక్వెన్సీ తేడాతో పనిచేసే కిట్‌ను అక్కడ కిందికి దించితే, పోయిన ఉంగరం ఏమీ లేకుండానే శబ్దం మారుతుంది.

చెబుతానన్న పరీక్షలు ఇవి. ముందు ఒక నోటుబుక్కులో ఏ వస్తువు ఎంత దూరంలో మోగిందో పట్టిక రాసుకోవాలి: స్టీలు గరిటె, రాగి చెంబు, పది పైసల బిళ్ల, మందుబిళ్లల షీటు. తర్వాత పది అట్టపెట్టెలు బోర్లించి, ఒకదాని కింద ఎవరైనా ఒక నాణెం దాచాలి. దాచినవాళ్లు గదిలోంచి వెళ్లిపోవాలి, లేకపోతే వాళ్ల ముఖమే జవాబు చెప్పేస్తుంది. గుడ్డిగా చూపించినా పదిసార్లలో ఒకసారి తగులుతుంది, వరుసగా మూడుసార్లు తగలడానికి మాత్రం అవకాశం వెయ్యిలో ఒకటి. మంచి కిట్ ఈ మూడూ దాటుతుంది. స్కూళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి, సోల్డరింగ్ ఐరన్లు ఉన్నాయి. అక్కడ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఈ కిట్ కట్టించి, అట్టపెట్టెల పరీక్షను ఊరి పెద్దల ముందు చేయించాలి. నిధి చూపిస్తానని ఆ ఊరికి వచ్చేవాడెవడైనా ముందు ఆ పది పెట్టెల దగ్గర కూర్చోవాలి.